తమ్ముడు పెట్టిన వీడియో

నాయన పోయేనాటికి మౌలాబీ ఓణీ వేసుకునే పిల్ల. తమ్ముడు నాగుల్ మీరా ఇంకా బడి మొహం చూడలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది ఏకే మిషను ముందు కూర్చున్న ఆ పిల్లే వాణ్ని ఖమ్మంలో డిగ్రీ దాకా చదివించింది, పెళ్లి చేసింది. తన కాపురం మాత్రం ఎంతో కాలం సాగలేదు. భర్తను లారీ పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత కూడా ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఏన్కూరు చుట్టుపక్కల పెళ్లయిందంటే, పరుపు మౌలాబీ కుట్టిందే.

ఈ రంజాన్‌లో ఒకరోజు తమ్ముడు కొత్త చీర, పళ్లబుట్ట పట్టుకుని వచ్చాడు. ఫోను గూట్లో నిలబెట్టి, చీర ఆమె చేతుల్లో పెట్టి, ఒంగి కాళ్లకు దండం పెట్టబోయాడు. అల్లా ముందు తప్ప ఎవరి ముందూ ఒంగొద్దని ఆమె వాణ్ని లేపి గుండెకు హత్తుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉపవాసం విడిచేదాకా ఉండమన్నా ఆగకుండా వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండానే తండా నుంచి రూప్లి వచ్చి, బియ్యం సంచి గడపలో దించింది.

"ఏందే ఇది?"

"గంత కష్టమొస్తే మాకు చెప్పొద్దా అక్కా? మా బిడ్డ పెండ్లికి పరుపు కుట్టిచ్చినవు. నిన్ను పస్తులుంచుతమా?"

మౌలాబీకి ఏమీ అర్థం కాలేదు. రూప్లి ఫోను తీసి చూపించింది. అందులో తన చిరిగిన పనిబట్టలు, తన కన్నీళ్లు. పైన పెద్ద అక్షరాలు: 'దిక్కులేని అక్కకు తమ్ముడి రంజాన్ కానుక.' వెనక ఏడుపు పాట. కింద వందల మంది అయ్యో పాపం అంటున్నారు. ఆ తమ్ముడు దేవుడంటున్నారు.

మౌలాబీ చెవులు వేడెక్కాయి. రూప్లికి నచ్చజెప్పి బియ్యం సంచి మళ్లీ ఆమె నెత్తికెత్తింది. మధ్యాహ్నం నమాజు చదివి, దుకాణం మూసి, చీర సంచిలో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కింది.

తమ్ముడి ఇంటి మెట్లెక్కుతుండగానే మసీదు నుంచి ఉపవాసం విడిచే అజాన్ వినిపించింది. లోపల తెల్లటి లైట్ల వెలుగులో నేలన వేసిన దస్తర్‌ఖాన్ మీద హలీం, కబాబులు, కోసిన పళ్లు పరిచి ఉన్నాయి. ముందు కూర్చున్న తల్లీకూతుళ్లు ముట్టుకోవడం లేదు. నాగుల్ మీరా ఫోను ఎత్తి పట్టుకుని అటూ ఇటూ జరుపుతున్నాడు. వాడి కూతురు ఆఫ్రీన్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఖర్జూరం వైపు చెయ్యి చాచింది.

"ఆగవే, లైటు పడ్తలేదు!" అని కసిరాడు.

"అజాన్ అయింది, నీకు వినపడ్తలేదారా?" అంది మౌలాబీ గుమ్మంలోంచి. నేరుగా వెళ్లి ఖర్జూరం తీసి పిల్ల నోట్లో పెట్టింది. మరొకటి మరదలు రిజ్వానా చేతిలో పెట్టింది. తనూ ఒకటి తిని, నీళ్లు తాగింది.

"అక్కా, వీడియో ఖరాబైంది గదా!"

"ఖరాబైంది వీడియోనా? నన్ను దిక్కులేనిదంటివి. ఎవర్రా దిక్కులేనిది? నీకు అన్నం పెట్టిన దిక్కెవర్రా?"

"గట్ల రాస్తేనే జనం చూస్తరక్కా. నిన్ను తక్కువ చెయ్యాలని గాదు."

"జనం చూస్తరని అక్కను అడుక్కునేదాన్ని చేస్తవా? చీర ఇచ్చినవ్, సంతోషపడ్డ. ఆ సంతోషాన్ని గూడ అమ్ముకున్నవ్!"

రిజ్వానా అప్పటిదాకా తలదించుకునే ఉంది. ఇప్పుడు తలెత్తింది. "ఇవన్నీ హోటల్ నుంచి తెచ్చినవే వదినా. మన ఇంట్ల గ్యాస్ అయిపోయి నాలుగొద్దులైంది. తెల్లారుజామున సహరీకి పక్కింట్ల వండుకొస్తున్న. అడిగితే, జీతమంత లైట్లకే పోయింది, వీడియోలు నడిస్తే అన్నీ వస్తయంటడు."

మౌలాబీ వంటింట్లోకి వెళ్లి చూసింది. ఖాళీ సిలిండరు, పప్పు అడుగంటిన డబ్బా. బయటికి వచ్చి చీర తీసి తమ్ముడి ఒళ్లోకి విసిరేసింది.

"ఇంట్ల పెండ్లాం పిల్ల పస్తులుంటే, ఊరికి దానం చూపిస్తున్నవా? థూ! నాయన ఉంటే చెప్పుతోని కొట్టేటోడు. ఆ వీడియో తీసెయ్, నా ముందే!"

వాడు మొహం ఎర్రగా చేసుకుని ఫోను నొక్కాడు. "తీసేసిన. కానీ వేరేటోళ్లు గూడ పెట్టుకున్నరు. అది నా చేతుల్లో లేదు."

ఆ మాట ఆమెను ఇంకా మండించింది. తన ఏడుపు ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో వాడికే తెలియదు. ఆ ఇంట్లో అన్నం తినకుండానే ఆఖరి బస్సుకు బయలుదేరింది. రిజ్వానా మెట్ల దాకా వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంటి ఖర్చు నీ చేతికియ్యకపోతే పిల్లను తీసుకుని నా దగ్గరికి రా" అంది మౌలాబీ.

పండగకు ముందే రిజ్వానా బిడ్డతో సహా ఏన్కూరు వచ్చేసింది. పండగనాడు నమాజు అయ్యాక నాగుల్ మీరా కూడా వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. లైట్లు అమ్మేశానన్నాడు. ఇంటికి పోదాం పదమని భార్యను బతిమాలాడు. "జీతం నా చేతికిచ్చిన నాడు వస్త" అంది రిజ్వానా. వాడు అక్క వైపు చూశాడు. మౌలాబీ గిన్నెలో సేమ్యా పోసి ఆఫ్రీన్‌తో పంపించింది. లోపలికి రమ్మని మాత్రం అనలేదు. వాడు అరుగు మీద కూర్చుని తినిపోయాడు.

నిన్న కూడా ఎవరో ముసలమ్మ పరుపు ధర అడిగి, మౌలాబీ మొహంలోకి తేరిపార చూసి, "ఫోన్ల ఏడ్చింది నువ్వే గదా బిడ్డా?" అంది. మౌలాబీ పరుపులో దబ్బనం ఎంత గట్టిగా దిగ్గొట్టిందంటే, దారం పుటుక్కున తెగింది.