గేరుబాక్సుకు జ్వరమొచ్చిన రాహుకాలం

మీ కారులో ఎర్రదీపం వెలిగినప్పుడు, "నువ్వు చెప్పేది నిజమని రుజువేమిటి?" అని దాన్ని ఎన్నడైనా నిలదీశారా?

లేదు కదా. నేనూ నిలదీయలేదు. దేవుణ్ణి నిలదీశాను. గాలిలోంచి విబూది తీసే స్వాములను చొక్కా చేతులు పైకి మడిచి తీయమన్నాను. మా వీధికొచ్చిన వాస్తు పండితుణ్ణి, ఆయన పడగొట్టించి కట్టించిన మెట్ల మీదే నిలబెట్టి ప్రశ్నలు వేశాను. అంతటివాణ్ణి మినపగింజంత దీపం మాట నమ్మి, లంబసింగి ఘాట్‌రోడ్డు మీద చెప్పులు విడిచి, కారుకు అభిషేకం చేశాను. పట్టపగలు, జీపు నిండా జనం చూస్తుండగా. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. నా భార్య సుభద్ర ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. మీరు కొంచెం ఆలస్యంగా చేరుతున్నారు, అంతే.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, సాయంత్రాలు మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి. నా దగ్గర చదువుకున్న అప్పలనాయుడు చింతపల్లిలో ఉద్యోగం చేస్తూ, అక్కడి కాఫీ రైతు కూతురు, బడిపంతులమ్మ సుమిత్రను ఇష్టపడ్డాడు. పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని పెళ్లాడాలని ఇద్దరూ నిశ్చయించుకున్నారు. సభకు అధ్యక్షుణ్ణి నేను.

"వేళ ఏదైనా పరవాలేదు మాస్టారూ. మీకు వీలైనప్పుడు పెట్టండి," అన్నాడు నాయుడు.

"ఏదైనా అంటే కుదరదోయ్. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ లోపలే దండలు పడాలి."

"ఒంటిగంటకైతే భోజనాలకి కూడా అనుకూలంగా ఉంటుందండి."

"ఒంటిగంటకు రాహుకాలం ఉండదయ్యా."

గమనించారా? ముహూర్తాలు లేవని ఊరూరా చాటేవాడు పంచాంగం తిరగేసి ముహూర్తం పెట్టాడు. ఆ మాట అప్పుడు నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి.

చిక్కంతా పైడమ్మగారితో వచ్చింది. తల్లి లేని నాయుణ్ణి పెంచిన నాయనమ్మ ఆవిడ. "మీ మేష్టారు ఏ ఆటంకం నేకుండా ఏళకొచ్చి సేత్తే, నా సేత్తోనే దండలందిత్తాను. రాకపోనాడా, పంతులుగారు పక్కనే ఉంటారు. మంచి గడియ సూసి ఆయనే సేత్తారు," అని షరతు పెట్టింది. నాయుడు సరేనన్నాడు. సుమిత్ర మాత్రం అనలేదు. "నేను మా కొండదేవతల పూజారినీ వద్దన్నాను, మీ పంతుల్నీ వద్దన్నాను. అమ్మానాన్నలతో ఎంత పోట్లాడితే ఒప్పుకున్నారో నాకు తెలుసు. ఆయన పీట మీద కూర్చుంటే నేను పీట మీంచి లేస్తాను," అంది. ఆ పిల్ల అన్నదంటే లేస్తుంది.

అంటే ఏమిటన్నమాట? పన్నెండు లోపల నేను చింతపల్లి చేరితే పెళ్లి. చేరకపోతే లేదు.

నర్సీపట్నంలో మా బావమరిది శ్రీను కొత్తగా ఒక పాత కారు కొన్నాడు. ఎవరో ఆఫీసరు బదిలీ మీద వెళుతూ అమ్మేసిన ఆటోమేటిక్ కారు. క్లచ్ ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. దేవుడు లేని పెళ్లికి క్లచ్ లేని కారులో వెళ్లడం ఎంత సముచితం అనుకున్నాను. శ్రీను తాళాలిస్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"బావగారూ, ఈ థర్మామీటరు బొమ్మ ఎర్రగా వెలిగిందంటే గేరుబాక్సులో నూనె కాగిపోతోందని అర్థం. ఆపెయ్యండి. చల్లారనివ్వండి. లేకపోతే గేరుబాక్సు పోతుంది. దాని వెనకాలే నేనూ పోతాను."

అప్పుడు నా కంట పడింది, ముందు బంపరు కింద వేలాడుతున్న దిష్టి సరంజామా. నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, నల్లజీడిగింజ, అన్నిటినీ గుచ్చిన ఇనపతీగ.

"సైన్సు తయారుచేసిన యంత్రానికి నిమ్మకాయ కాపలానా?" అన్నాను.

"మీకు ఇష్టం లేకపోతే తీసేస్తాను బావగారూ. లోపల దేనికో కట్టాను, ఒక్క క్షణం, విప్పుతాను."

"మూఢనమ్మకాన్ని విప్పరు శ్రీనూ. పీకుతారు."

పీకాను. రాలేదు. కాలు బంపరుకు తన్నిపెట్టి, మళ్లీ పీకాను. పుటుక్కుమని తీగ తెగి, నిమ్మకాయ మురిక్కాలవలో పడింది. చుట్టుపక్కల నలుగురు పోగయ్యారు కాబట్టి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "ఇప్పుడు తెంపాను. ఏమవుతుందో చూద్దాం," అని ముగించాను.

ఏమైందో చూడండి.

చదును రోడ్డు మీద కారు వెన్నలా పోయింది. ఘాట్ ఎక్కుతుండగా ఒక గోతిలో ముందు చక్రం దబ్బున పడింది. దీపం వెలిగింది. ఆ వెంటనే కారు ఒకే గేరులో బిగుసుకుపోయి, ఎత్తు ముందు దున్నపోతులా మూలిగింది. పక్కన వాగు పారుతున్న కల్వర్టు దగ్గర ఆపాను.

"నూనె కాగిపోయింది సుభద్రా. చల్లారాలి."

చలికాలం. మంచు ఇంకా చెట్ల మీంచి దిగలేదు. శాలువా కప్పుకున్న సుభద్ర నోట్లోంచి పొగలు వస్తున్నాయి. మేం ఇద్దరం వణుకుతూ, కారు చల్లారడం కోసం ఎదురుచూశాం. కాసేపటికి తాళం తిప్పాను. దీపం వెలిగే ఉంది. మరికాసేపు ఆగాను. వెలిగే ఉంది. పది దాటింది.

"నీళ్లు పోసి చల్లార్చాలి," అన్నాను.

నీళ్లు తేవడానికి మా దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి, పెళ్లికి కానుకగా కొన్న కొత్త ఇత్తడి బిందె. వెనక సీట్లోంచి దాన్ని లాగాలంటే బంతిపూల దండలు నలుగుతున్నాయి. అందుకని దండలు రెండూ తీసి కారు ముందు అద్దానికి తగిలించాను. వాగులో దిగాలి కాబట్టి చెప్పులు విడిచాను. ప్యాంటు తడవకుండా సుభద్ర తువ్వాలు చుట్టుకున్నాను. బిందెడు నీళ్లు తెచ్చి, ముందు మూత ఎత్తి, గేరుబాక్సు మీద సన్నని ధారగా పోశాను. ఒక్కసారి గుమ్మరిస్తే ఇనుము పగులుతుందని భయం. నీళ్లు ఎటు కారుతున్నాయో చూడటానికి కారు చుట్టూ తిరిగాను. ప్రతి బిందెకూ ఒకసారి తిరిగాను. తిరిగినప్పుడల్లా కిటికీలోంచి వంగి, దీపం ఆరిందా అని భక్తిగా చూశాను.

ఇదంతా విడివిడిగా చూస్తే శాస్త్రీయమే. కలిపి చూస్తే ఎలా ఉందో, కింద నుంచి వచ్చిన సర్వీసు జీపు చెప్పింది. లోపల ఎంతమంది ఉన్నారో పైన అంతమంది ఉన్నారు. అందరూ తలలు తిప్పారు. పైనున్న ముసలాయన ఒకడు కళ్లు మూసుకుని దండం పెట్టాడు. నాకు కాదు, కారుకు.

డ్రైవరు వేగం తగ్గించాడు. "దేవుడు నేడని మీటింగులు ఎట్టే మేష్టారు గదేటి మీరు?"

"అవును. ఇది..."

"మరేటి పరవానేదు బాబూ. బాగా సెయ్యండి. ఘాటుతల్లి సల్లగా సూత్తాది."

"ఇది పూజ కాదయ్యా, కూలింగు."

"ఏ పేరెట్టి పిలిత్తే ఏటి బాబూ, తల్లి తల్లే," అని జీపు మలుపు తిరిగింది. చింతపల్లి వైపు. నా కంటే ముందు.

మళ్లీ బిందె పట్టుకుని వాగు వైపు తిరిగాను. అప్పటిదాకా కారులో కూర్చుని చూస్తున్న సుభద్ర దిగింది. ఆమె ప్రభుత్వాసుపత్రిలో నర్సు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా వాదనలన్నీ ఓపిగ్గా విని, ఒక్కటి కూడా గుర్తుపెట్టుకోని మనిషి.

"ఏవండీ, కారుకు జ్వరమొచ్చినట్టు నీళ్లు పోస్తున్నారు. ఒంటి మీద చెయ్యి వేసి చూశారా?"

"దీపం చెబుతోంది కదా."

"మా వార్డులో ఒక థర్మామీటరు ఉండేది. ఎవరి నోట్లో పెట్టినా నూట ఆరు చూపించేది. బిస్కెట్లు తింటున్న పిల్లాడికి కూడా. మేం పిల్లాడి మీద నీళ్లు పోశామా, థర్మామీటరు పారేశామా?"

"ఇది కంప్యూటరు సుభద్రా."

"ఎవరేం చెప్పినా రుజువడుగుతారు. దీన్ని మాత్రం అడగరేం? ఎర్రగా ఉందనా?"

వంగి, కారు కిందికి చెయ్యి పెట్టి గేరుబాక్సు అడుగు ముట్టుకున్నాను. నా నీళ్లు తగలని చోటు కూడా శవంలా చల్లగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నేను ఫిజిక్స్ లెక్చరర్నని. ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిందే. నూనెలో మునిగి ఉండే సెన్సరు లోపల చిన్న పూస ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గిందంటే నూనె కాగిందని కంప్యూటరు అనుకుంటుంది. దానికి నూనె కనపడదు, తీగలోంచి వచ్చే కబురే కనపడుతుంది. దారిలో ఆ తీగ ఎక్కడైనా కారు ఇనుముకు తగిలితే నిరోధం సున్నా. ఇక కంప్యూటరు దృష్టిలో గేరుబాక్సు నరకంలో నూనె కొప్పెరే. అబద్ధం చెబుతున్నది సెన్సరా, తీగా?

"తీగ తెగిపోతే కంప్యూటరు చలి అనుకోవాలి," అన్నాను గట్టిగా. "సెన్సరు దగ్గర ప్లగ్గు ఊడదీస్తే తీగ తెగినట్టే. అప్పుడు దీపం ఆరిపోతే దోషం సెన్సరుది."

"ఆరకపోతే?"

"సెన్సరు నిర్దోషి. దోషం దారిలో ఉంది."

ఊడదీశాను. సుభద్ర తాళం తిప్పింది. దీపం వెలిగే ఉంది.

అంత ఆనందం నాకు సన్మానాల్లో కూడా కలగలేదు. బురదలో వెల్లకిలా పడుకుని, ఆ తీగ వెంట వేళ్లతో తడుముకుంటూ ముందుకు జరిగాను. గేరుబాక్సు నుంచి బయటికొచ్చింది, బ్రాకెట్ దాటింది, బంపరు వెనక్కి వచ్చింది. అక్కడ, నల్లటి తీగల కట్ట చుట్టూ, ఒక ఇనపతీగ ముక్క బిగుసుకుని ఉంది. ఎవరో కాలు తన్నిపెట్టి లాగినట్టుగా తొడుగును కోసుకుని లోపలి రాగిలో దిగింది. తెగిన రెండో కొస గోతిలో పడిన కుదుపుకి వంగి, పక్కనున్న బోల్టుకు ఆనుకుంది. ఆ కొసకి పచ్చిమిరపకాయ తొడిమ ఒకటి ఇంకా అంటుకుని ఉంది.

ఆ తొడిమను వేళ్లతో తీసి చూశాను.

"దొరికిందా?" అంది సుభద్ర.

"దొరికింది."

"ఏమిటి?"

"నేనే."

వంగి చూసింది. అర్థమైంది. కల్వర్టు గోడ మీద కూర్చుని, శాలువా నోట్లో కుక్కుకుని నవ్వింది. నేను ఇనపతీగ విప్పాను. ఈసారి నిజంగా విప్పాను, మెల్లగా, ఒక్కో చుట్టూ. సుభద్ర సంచీలోంచి గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు తీసి, రాగి కనపడకుండా పసిబిడ్డ వేలికి కట్టినట్టు చక్కగా చుట్టింది. ప్లగ్గు పెట్టి తాళం తిప్పాం. దీపం ఆరిపోయింది.

పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా పెళ్లి పందిరి ముందు దిగాం. తువ్వాలు నడుముకే ఉంది, ఒళ్లంతా బురద. పీట పక్కన పంతులుగారు సంచీ విప్పుతున్నారు. సుమిత్ర లేవడానికి సిద్ధంగా కూర్చుంది. పైడమ్మగారు ఎదురొచ్చింది. ఆటంకమే వచ్చిందంటుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"జీపోళ్లు సెప్పినారు బాబూ. కొత్త బిందెతో, దండలేసి, పదచ్చినాలు సేసి మరీ వొత్తన్నారట. దేవుడు నేడంటావు గానీ మడిసివి మంచోడివి. నా మనవడి పెళ్లి నువ్వే సెయ్యి."

నోరు తెరిచాను. ఖండన నాలుక చివరి దాకా వచ్చింది. నాయుడు చెవిలో, "మాస్టారూ, అయిదు నిమిషాలుంది. దయచేసి," అన్నాడు. సుమిత్ర నా వైపు సూటిగా చూసింది. నేను జీవితంలో మింగిన మొదటి ఖండన అది. చేపముల్లులా దిగింది.

పైడమ్మగారు కారు అద్దం మీంచి దండలు తీసి, కళ్లకద్దుకుని, తన చేత్తో ఇద్దరికీ అందించింది. దండలు మారాయి. చప్పట్లు మోగాయి. అవి ఆగగానే అధ్యక్షుడి హోదాలో లేచి, మింగింది కక్కేశాను. పూజ చెయ్యలేదనీ, నిమ్మకాయ పీకాననీ, తీగ కోసుకుందనీ, ప్లాస్టరు వేశామనీ మొత్తం చెప్పాను.

పైడమ్మగారు కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అయితే బాబూ, దిష్టి తీగ తెంపింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"తెంపినాక బండి ఆగిపోనాదా?"

"అది షార్ట్ సర్క్యూట్ వల్ల..."

"ఆగినాదా, నేదా?"

"ఆగింది."

"మళ్లీ ఆ సోటునే తెల్లగుడ్డ కట్టినారు. కడితే నడిసినాదా?"

"నడిచింది."

"మరింకేటి," అని పంతులుగారి వైపు తిరిగింది. "ఇన్నారు గదా పంతులుగారూ. బేగి భోజనానికి నెగండి, పప్పు సల్లారిపోతంది."

పందిరంతా నవ్వింది. సుమిత్ర దండలో మొహం దాచుకుని నవ్వింది. ఎన్నో చర్చావేదికలు ఎక్కాను గానీ, నన్ను ఇంత తక్కువ మాటల్లో ఓడించినవారు లేరు. ఆవిడ చెప్పిన సంఘటనలు నిజం, వాటి వరస నిజం. నిమ్మకాయ తెంపడం వల్లే కారు ఆగిందన్నది ప్రయోగపూర్వకంగా నేనే నిరూపించిన నిజం.

కనుక పాఠకుల సమక్షంలో, ఏ దేవుడి మీదా ఒట్టు వేయకుండా, ఇలా శపథం చేస్తున్నాను. ఇకపై ఎవరి బండికి కట్టిన నిమ్మకాయనూ, ముందుగా ఆ బండి కిందికి దూరి అది దేనికి కట్టి ఉందో చూడకుండా ముట్టుకోను. ఎర్రదీపం ఏది వెలిగినా, చెయ్యి వేసి చూడకుండా దానికి ఒక్క చుక్క నీళ్లు పొయ్యను.

మీరు కూడా ఇది చదవడం ఆపి లేవండి. వెళ్లి మీ బండి ముందు వంగి చూడండి. నిమ్మకాయ ఉంటే తీసెయ్యండి. పీకకండి. విప్పండి.