తమ్ముడి మక్కచేను

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పెళ్లానికి చెప్పలేదు, పాస్టరుకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను. రాత వంకరగా ఉంటుంది. అరవై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి.

నా మక్కచేను, తమ్ముడి మక్కచేను అడవి అంచున పక్కపక్కనే ఉండేవి. గట్టు మీద ఒకటే మంచె. అడవిపందులు పడకుండా వంతులవారీగా కాపలా. మంచె ఎక్కినవాడు రెండు చేలూ కాయాలి. అది మా ఇద్దరి కట్టుబాటు.

ఆ ఏడు చర్చిలో కోత పండుగకు ఇద్దరం తొలి మక్కజొన్న కంకులు తీసుకెళ్లాం. తమ్ముడు ఏరి ఏరి గింజ నిండినవి తెచ్చాడు. నేను మంచివి అమ్మకానికి దాచుకొని, పురుగు తొలిచినవి తెచ్చాను. పాస్టరు తమ్ముడి కంకిని పైకెత్తి అందరికీ చూపించాడు. నావి గోనెలో పడ్డాయి. ఎంచింది నేనే కదా, మరి కోపం ఎవరి మీద? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు.

బయటికొచ్చాక వాడు, "అన్నా, నీ కంకులు దేవునికా, కోళ్లకా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి వాడి మాట అంతే. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ వారంలోనే నా వంతు వచ్చింది. పొద్దు గూకే వేళ పందుల మంద వాగు దాటి తమ్ముడి చేను వైపు తిరిగింది. చేతిలో కర్ర ఉంది, ముందర పాత ఇత్తడి పళ్లెం ఉంది. ఒక్క దెబ్బ మోగితే పారిపోయేవి. కర్ర ఎత్తాను కూడా. దించేశాను. కంకులు విరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

తెల్లారి తమ్ముడు నేలకొరిగిన చేను చూసి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మంచె మీద నువ్వే ఉన్నవ్ గద. ఏం ఇనపడలేదా?"

"కన్నంటుకుంది రా."

వాడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "జరమొచ్చినట్టుంది నీకు. గిట్ల ఉంటే నాకు చెప్పొద్దా? నేనే ఎక్కేటోణ్ణి గద మంచె."

తిట్టినా బాగుండేది.

తిండికి లేక వాడు సత్తుపల్లి వైపు పామాయిల్ తోటల్లో కూలికి పోయాడు. గెలలు కోసే పొడవాటి గడ పైనున్న కరెంటు తీగకు తగిలింది. శవమై వచ్చాడు. పెట్టె మూసేముందు మరదలు నా చేతులు పట్టుకొని, "బావా, నిన్ను ఎన్నడూ ఒక్క మాట అననియ్యలే ఆయన" అని ఏడ్చింది.

దేవుడు తమ్ముడి కానుకనే మెచ్చాడని కయీను హేబెలును చంపిన కథ పాస్టరు చెప్పినప్పుడల్లా నేను నా తమ్ముణ్ణి చంపలేదు కదా అనుకునేవాణ్ణి. కోపం మనిషిని లాక్కుపోతుంది, కయీను మాత్రం ఏం చేస్తాడు అని సర్దుకునేవాణ్ణి. అక్షరాలొచ్చాక బైబిల్లో ఆ పుట మీద వేలు పెట్టి నేనే చదివాను. చంపకముందే దేవుడు ఆ అన్నతో మాట్లాడాడు. ఎందుకంత కోపమని అడిగాడు. పాపాన్ని అదుపులో పెట్టుకోమన్నాడు. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. అంటే వాడికి ఎంచుకునే వీలుంది. నాకూ ఉంది. ఎత్తిన కర్ర దించడానికి పట్టినంత సేపు ఉంది.

మరదలు ఇప్పుడు కారేపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఆమెకు చదువు రాదు. ఈ కాగితం పంపితే ఎవరో చదివి వినిపించాలి. అది కుదరదు. నేనే పోయి నోటితో చెప్పాలి. క్షమిస్తుందని కాదు. క్షమించమని అడగను కూడా. ఆ రోజు నాకు కన్నంటుకోలేదమ్మా, చూస్తూనే ఉన్నాను, ఊరుకున్నాను అని చెప్పాలి.

ముందు ఇక్కడ రాసి చూశాను. చెయ్యి మధ్యలో ఆగలేదు.