సగం దించిన షట్టర్

కోదండానికి తిరుపతిలో మందుల షాపు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ల షాపు. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తిని, షట్టర్ సగం దించి, కౌంటర్ వెనక చాప వేసుకుని నాలుగింటిదాకా కునుకు తీయడం ఆయన అలవాటు. ఆయనదే ఏముంది, ఆ వీధి వీధంతా అంతే. షట్టర్ పూర్తిగా దించితే మనిషి ఊళ్లో లేడని, సగం దించితే లోపల నిద్రపోతున్నాడని అందరికీ తెలుసు. అవసరమున్నవాళ్లు వంగి లోపలికొచ్చి, "కోదండం, లెయ్యప్పా, తలకాయ నొస్తా ఉండాది" అని తట్టి లేపేవాళ్లు. పాపం, ఆయన ఏనాడూ విసుక్కోలేదు.

ఈలోగా వీధి చివర ఫ్లైఓవర్ లేచింది. పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. శ్రీ సిటీ ఫ్యాక్టరీల బస్సులు తెల్లారకముందే వచ్చి జనాన్ని ఎక్కించుకుపోతున్నాయి. ఇంత జరిగినా మధ్యాహ్నమయ్యేసరికి షట్టర్లన్నీ సగానికి దిగాల్సిందే. కోదండానికి అదో గర్వం. "ఊరు ఎంత పెరిగితే ఏముండాది, మన నిద్ర మనకుండాది" అని భార్య వరదమ్మతో అని నవ్వేవాడు.

పోయిన వేసవిలో ఎదురు అపార్టుమెంటులోకి విజయవాడ నుంచి లోకేశ్వరి కుటుంబం వచ్చింది. భర్తకు శ్రీ సిటీలో ఉద్యోగం. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే మామగారు. ఒకరోజు రెండింటప్పుడు ఆయనకు ఊపిరాడలేదు. ఇన్‌హేలర్ చూస్తే ఖాళీ. లోకేశ్వరి పరుగున వీధిలోకి వచ్చి, సగం దిగిన షట్టర్ చూసి షాపు మూసేశారనుకుంది. వరసలో అన్నీ అలాగే ఉన్నాయి మరి. మెయిన్‌రోడ్డుకు పోయి మందు తెచ్చేసరికి పెద్దాయన ప్రాణం పోయింది.

ఆమె తన షాపుదాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి కోదండానికి ఆమె నోటనే తెలిసింది. కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం ఎవరో షట్టర్ కింద నుంచి లోపలికి దూరడం చూసి, ఆమె కూడా వెనకే వంగి వచ్చింది.

"మా మామగారికి ఆయాసం వచ్చినరోజు మందు కోసం వచ్చానండీ. ఆ రోజు కూడా మీరు లోపలే ఉన్నారా?"

అవునన్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం ఆ షట్టర్ దిగలేదు.

"లోపలుండానని బోర్డు రాసిపెట్టి పండుకోరాదా?" అంది వరదమ్మ.

"ఇరవై ఎనిమిదేండ్లు పెట్టనిది ఇప్పుడెవురికోసరం పెట్టేది?" అన్నాడు.

ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా స్టూలు మీద కూర్చుంటాడు. ఒక్క మనిషీ రాడు. వీధంతా హాయిగా గురకపెడుతుంది.

మొన్న రెండింటికి లోకేశ్వరి కనిపించింది. కోదండం గబుక్కున లేచాడు.

"ఏం గావాలమ్మా?"

ఏడాదిలో ఆమెకు ఈ ఊరి మాట బాగానే పట్టుబడింది. "ఏం వద్దన్నా. ఈ ఎండలో ఎందుకిట్ల కూసోనుండావు? సగం దించి పండుకో. అవసరమైతే వంగి వచ్చి లేపుతా. నాకిప్పుడు తెలుసు గదా."

వెళ్తూ వెళ్తూ తనే చెయ్యి చాచి షట్టర్ సగానికి దించిపోయింది. కోదండం చాప పరుచుకోలేదు. నాలుగయ్యేదాకా షట్టర్ కింది ఆ సందునే చూస్తూ కూర్చున్నాడు.