ఆరు దినాల తిండి, పొయ్యి లేకుండా

2023 మే నెల. తెలంగాణకు ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న సిరోంచలో, బస్టాండుకు పోయే దారిలో మా దుకాణం ఉంది. ముందు భాగంలో మా ఆయన కిరాణా చూసుకుంటాడు. వెనక రెండు గదులు నా వంటిల్లు. పొడులు, తొక్కులు, అప్పాలు, సత్తు ముద్దలు చేసి అమ్ముతాను. అప్పటికే పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఈ వ్యాపారం పండుగలప్పుడే నడుస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, నాకు అసలు గిరాకీ అడవికి పోయేవాళ్ల దగ్గరే. బీడీలకు వాడే తునికాకు ఆరబెట్టే కల్లాల దగ్గర కాపురం పెట్టే గుమాస్తాలు, రోడ్డు పనుల సూపర్‌వైజర్లు, సర్వే వాళ్లు నా దగ్గరే మూట కట్టించుకుంటారు. అడవి అంచున ఉన్న జింగనూర్ ఊరు దాటి లోపలికి వెళితే ఫ్రిజ్ సంగతి దేవుడెరుగు, చల్లటి నీళ్ల సీసా అమ్మే దుకాణం కూడా కనపడదు.

ఒక పదార్థం చెడకుండా ఎన్ని రోజులు ఉంటుందో దాన్ని మా పనిలో షెల్ఫ్ లైఫ్ అంటారు. కవరు మీద ఆ రోజులు రాయాలి. నేనూ రాసేదాన్ని. మా అత్తమ్మ పదిహేను రోజులు ఉంటుందని చెప్పింది కాబట్టి పదిహేను అని రాసేదాన్ని. అంతకు మించి ఆలోచించిన పాపాన పోలేదు.

ఆ నెల మొదట్లో శకుంతల వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ప్రాణహిత ఒడ్డున వరి పండించుకునే ఇంటి పిల్ల. అడవి జంతువుల లెక్క తీసే ఒక సంస్థలో పని చేస్తుంది. ఆమె కింద ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. నలుగురూ ఆరు రోజులు వాగుల వెంట నడవాలి. ఎండాకాలంలో నీళ్లు మిగిలిన గుంటల దగ్గర ఏ జంతువు అడుగులు ఉన్నాయో చూసి రాసుకోవాలి. రాత్రి అక్కడే పడక. పొయ్యి మాత్రం పెట్టకూడదు, ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే అడవి అంటుకుంటుంది. తిండి అంతా ఎవరి వీపు మీద వాళ్లే మోసుకుపోవాలి.

"అక్కా, ఆరు దినాలు ఖరాబ్ కాకుండ ఉండాలె. పొయ్యి లేదు, ఏం లేదు," అంది.

"నాకు చెప్తున్నవా? ఇసొంటి మూటలు ఎన్ని కట్టలే నేను! నువ్వు ఫికర్ చేయకు," అన్నాను.

అటుకులు, కారప్పొడి ఇచ్చాను. వాటికంటే ఎక్కువగా సత్తు ముద్దలు ఇచ్చాను. వేయించిన పెసలు, బియ్యం పిండి, బెల్లం, నెయ్యి. మా ఇంట్లో ప్రయాణమయ్యేవాళ్లకు ముద్దలు కట్టేటప్పుడు చివర గోరువెచ్చటి పాలు చల్లుతాం. పాలు లేని ముద్ద ఇచ్చి పంపడం అంటే మనసు పెట్టకుండా పంపడమేనని మా అత్తమ్మ అనేది. ఆడపిల్లలు అడవికి పోతున్నారు కదా అని ఆ రోజు నేను పాలు ఇంకో గుప్పెడు ఎక్కువే చల్లాను. కవర్లను సీలింగ్ మెషిన్‌తో, అంటే ప్లాస్టిక్ అంచులను వేడితో అతికించే చిన్న యంత్రంతో, మూసేసి పదిహేను రోజులని రాసి ఇచ్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం శకుంతల ఒక్కతే దుకాణంలోకి వచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గల్లా బల్ల మీద ఒక కవరు పెట్టింది.

"మూడో దినం పొద్దుగాల తిన్నంక నలుగురికీ వాంతులు అక్కా. మా జట్టుల మైని అయితే లేవలేకపాయె. ఎట్లనో ఒకట్ల జింగనూర్ దాక నడిచినం."

"ఎండ ఎట్ల కొడుతుందో చూస్తలేవా? వాగు నీళ్లు తాగి ఉంటరు."

"నీళ్లల్ల మందు చుక్కలు ఏసుకునే తాగినం."

"పద్దెనిమిదేండ్ల సంది అమ్ముతున్న. ఇయ్యాల్టి దాక ఒక్కళ్లు మాట అనలే నన్ను," అని గొంతు పెంచాను.

శకుంతల గొంతు పెంచలేదు. "నేను కొట్లాడనీకి రాలే. అందుల ఏమేసినవో చెప్పు చాలు. మా సార్ ఇంకొక్క మోకా ఇచ్చిండు. వానలు పడితే అడుగులు చెరిగిపోతయి, గందుకే ఈ నెలాఖరు లోపల ఆరు దినాలు పూర్తి చేయాలె. ఈసారి గిట్ల నడుమల తిరిగొస్తే ఆ పని చంద్రపూర్ మగోళ్ల జట్టుకు ఇస్తరంట. మా నలుగురికి ఇగ పని లేదు."

నేను మొహం తిప్పుకుని పొడుల డబ్బాలు సర్దసాగాను. నేను మొండిదాన్ని, అది మా వీధిలో అందరికీ తెలుసు. ఆమె కవరు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

కవరు విప్పాను. లోపలి వైపు సన్నగా నీటి బొట్లు పట్టి ఉన్నాయి. పులిసిన వాసన గుప్పుమంది. అయినా నా నోరు మూతపడలేదు. సంచిలో నీళ్లు ఒలికి ఉంటాయని, మూట ఎండలో వదిలేసి ఉంటారని మా ఆయన ముందు ఓ అరగంట వాదించాను. ఆయన తూకం వేస్తూ వేస్తూ, "మరి నువ్వే జర ఎండల పెట్టి చూడరాదు?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గానీ, ఆ మాట నన్ను పొడిచింది.

అదే రోజు ఒక బ్యాచ్ చేశాను. ఒకే పిండితో ఒకేసారి చేసిన సరుకును బ్యాచ్ అంటాం. సగం ముద్దలకు పాలు చల్లాను, సగం ఒట్టి నెయ్యితో కట్టాను. రెండూ కవర్లలో మూసి, పాత సంచిలో పెట్టి మేడ మీద ఎండలో వదిలేశాను. మూడో రోజు తెచ్చి విప్పాను. నెయ్యి ముద్ద బాగానే ఉంది. పాల ముద్ద విరిస్తే బంకలా సాగింది. నాలుక మీద పెట్టుకుని అక్కడే ఉమ్మేశాను.

మాయిశ్చర్ అంటారు, పదార్థంలో మిగిలిపోయిన తడి. పొడి సరుకును అదే పాడు చేస్తుంది. ఆ గుప్పెడు పాలు ఎండకు, ప్లాస్టిక్ కవరుకు తోడై మూడో రోజుకే విషమయ్యాయి. మరి ఇన్నేళ్లుగా ఎవరూ ఎందుకు అనలేదు? ఎందుకంటే ముద్దలు రుచిగా ఉంటాయి. నా గిరాకీలంతా వాటిని మొదటి రెండు రోజుల్లోనే తినేసేవాళ్లు. శకుంతల మాత్రం వాటిని ఆరు రోజులకు లెక్కగా పంచి, ఏ రోజుది ఆ రోజు తినిపించింది. కవరు మీద నేను రాసిన మాటను నిజంగా నమ్మిన మొదటి మనిషి ఆమే. ఆ సంగతి అర్థమైనప్పుడు నాకు తల తీసేసినట్టయింది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. "తప్పు నాదే బిడ్డా. పాలు చల్లిన. నువ్వు అడిగిననాడే చెప్పాల్సింది, అహంకారం అడ్డమొచ్చింది," అన్నాను.

శకుంతల నన్ను కోప్పడితే బాగుండేది. ఆమె క్యాలెండర్ వైపు చూసింది. "మేము మల్ల పోనీకి ఇంక పన్నెండు దినాలున్నయి అక్కా. నీతోని అయితదా? కాకపోతే ఇప్పుడే చెప్పు."

"అయితది. ఈసారి ముందుగాల నేను తింట. ఆరు దినాలు నేను బతికితే నీకు కడత."

అన్న మాట ప్రకారం మరునాడే కూర్చుని ఆరు రోజుల సరుకు చేసి, సంచిలో కట్టి మేడ మీద ఎండలో పెట్టాను. పూట పూటకూ ఆ సంచిలోంచే తీసుకుని తిన్నాను. అన్నం లేదు, చాయ్ లేదు, పొయ్యి మీద నా కోసం ఒక్క గిన్నె పెట్టలేదు. మా ఆయన ఎదురుగా కూర్చుని పప్పన్నం కలుపుకుంటూ, "ఏందే, పేగులను పరీక్షకు కూసోబెట్టినవా? నా పేగులను మాత్రం అడగకు," అని నవ్వేవాడు. పప్పు పోపు వాసనకు నాకు ఏడుపొచ్చేది. అయినా ముట్టలేదు.

నాలుగో రోజు ఇంకో చిక్కు వచ్చిపడింది. సరుకు ఏదీ చెడలేదు, నా నోరే మొరాయించింది. పొద్దున సత్తు, మధ్యాహ్నం బెల్లం అటుకులు, సాయంత్రం పల్లీ పట్టి. తీపి చూస్తేనే వికారం. దాహం మాత్రం ఎంత తాగినా తీరడం లేదు. ఆకలితో ఉండి కూడా సంచిని దూరం నెట్టేశాను. చెడిపోని తిండి అయితే చాలదు, ఎండలో అలిసిపోయిన మనిషికి అది గొంతు దిగాలి. ఇంట్లో నీడన కూర్చున్న నాకే ఇలా ఉంటే నడిచేవాళ్ల సంగతేమిటి?

ఆ రోజే శకుంతల మైనిని వెంటబెట్టుకుని వచ్చింది. మైని జింగనూర్ అవతలి గోండు పల్లె మనిషి. నలుగురిలో దారి చూపేది ఆమే. నా వంటింట్లో పీట మీద కూర్చుని, పేర్చిన కవర్లన్నీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"తీపి తింటే నీళ్లు ఎక్కువ తాగుతం. నీళ్లు మోసేది మేమే," అంది.

"అయితే ఇప్పపువ్వు లడ్డూలు చేస్త. బలం ఉంటది, తీపి గంత ఉండదు."

మైని గట్టిగా నవ్వింది. "ఇప్పపువ్వు సంచిల పెట్టుకుని అడవిల పండుకుంటమా? ఆ వాసనకు ఎలుగు వచ్చి మా పక్కల కూసుంటది. పుల్లగ పెట్టు అక్కా. పులుపు ఉంటే నోరు ఊరుతది, కాలు కదులుతది."

పద్దెనిమిదేళ్లు అడవికి మూటలు కట్టిన నాకు ఆ ఎలుగుబంటి సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. అడవిలో తినేవాళ్లను నేనెప్పుడూ అడగనే లేదు.

ఇక పట్టుబట్టి చేశాను. చింతపండు గుజ్జును నువ్వుల నూనెలో, మిరపకాయలు, పసుపు, ఉప్పు వేసి నీళ్లన్నీ ఇగిరి నూనె పైకి తేలేదాకా కలుపుతూనే ఉన్నాను. కుడి భుజం పట్టేసింది. పూర్తిగా చల్లారేదాకా కవరులో పోయలేదు, ఎందుకంటే వేడిగా మూస్తే ఆవిరే మళ్లీ తడి అవుతుంది. అటుకులను దోరగా వేయించాను. తినే ముందు నీళ్లు చిలకరించి ఈ పులుసు కలిపితే పులిహోర తిన్నట్టే ఉంటుంది. జొన్న రొట్టెలు పలుచగా కొట్టి, సన్నని మంట మీద అప్పడంలా విరిగేదాకా కాల్చాను. వాటిని మా వైపు కడక్ రొట్టెలంటారు. కారప్పొడిలో ఎల్లిపాయలు పచ్చివి దంచి వేయడం మానేసి, సన్నగా తరిగి కరకరలాడేలా వేయించి వేశాను. సత్తును ముద్ద కట్టలేదు. పొడిగానే, రోజుకు ఒక్క గుప్పెడు. అత్తమ్మ ఫోటో వైపు చూసి, "ఏమనుకోకు అత్తమ్మా, పాలు బంద్," అని పైకే అన్నాను.

ఈ కొత్త సరుకును ఆరు రోజులు తినేంత వ్యవధి లేదు. సంచిని ఎండలో పెట్టి నాలుగు రోజులు తిన్నాను. ఐదో రోజు వాళ్లు బయలుదేరాలి. ఆ మాట దాచలేదు. "నాలుగు దినాల దాక నాకు తెలుసు. ఐదు, ఆరు దినాలకు నాకు తెల్వదు. ఆ రెండు దినాలకు ఒట్టి రొట్టెలు, వేయించిన పల్లీలు, పుట్నాలు కట్టిన. వాటిల చెడేది ఏం లేదు," అన్నాను.

శకుంతల కవర్ల మీద రాసిన రోజులు చదువుకుంది. "గిదే కావాలె నాకు," అని సంచి భుజానికెత్తుకుంది.

వాళ్లు వెళ్లిన మూడో రోజు నాకు పని చేయబుద్ధి కాలేదు. జింగనూర్ వైపు నుంచి వచ్చే ప్రతి జీపునూ తొంగి చూశాను. ఎవరూ దిగకపోతే సంతోషపడ్డాను, మరుక్షణమే నడవలేక అక్కడే పడిపోయారేమోనని భయపడ్డాను. ఫోన్ కలవదు. నాలుగో రోజు, ఐదో రోజు అలాగే గడిచాయి. ఆరో రోజు పడమర వైపు మబ్బు కమ్మింది గానీ చినుకు పడలేదు. దేవుడికి ఎన్ని మొక్కులు మొక్కానో నాకే లెక్క లేదు.

ఏడో రోజు పదకొండు గంటలకు దుకాణం ముందు జీపు ఆగింది. నలుగురూ దిగారు. ఎండకు నల్లబడ్డారు, కాళ్ల నిండా గీతలు. కానీ నలుగురూ తమ కాళ్ల మీదే నడిచి వచ్చారు.

"ఆరు దినాలు అక్కా," అంది శకుంతల. "ఒక్క గుంట ఇడువలే. అన్ని రాసుకొచ్చినం. సార్‌కు ఫోన్ చేసి చెప్పిన. వచ్చే ఏడు గూడ మీరే పోవాలె అన్నడు."

అందరి ముందు ఏడ్చేశాను. మైని నా భుజం తట్టి, "రొట్టెల ఉప్పు ఎక్కువైంది," అంది. ఏడుస్తూనే నవ్వాను.

"ఏం తింటరు? ఏం చేయమంటరు చెప్పండి," అన్నాను.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శకుంతలే చెప్పింది. "అన్నం అక్కా. పొగలు రావాలె."

ఆ రోజు నా పొయ్యి మీద రెండుసార్లు అన్నం వండాను.

ఆ తర్వాత నా పని పద్ధతి మారిపోయింది. ఇప్పుడు మేడ మీద ఎప్పుడూ ఒక శాంపిల్ సంచి ఉంటుంది, అమ్మబోయే సరుకులోంచి పరీక్ష కోసం తీసి పెట్టింది. ఎండాకాలం ఎండలో, వానాకాలం రేకు కింద. నేను తిని చూసిన రోజుల కంటే ఒక్క రోజు కూడా ఎక్కువ కవరు మీద రాయను. దీనివల్ల కొందరు గిరాకీలు పోయారు. పక్క దుకాణంలో అదే పొడికి మూడు నెలలని రాసి ఉంటే నా దగ్గర ఇరవై రోజులే కనిపిస్తుంది మరి.

మొన్న చంద్రపూర్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. పులుసు రుచి చూసి మెచ్చుకున్నాడు. పెద్ద ఆర్డరే ఇస్తానన్నాడు. ఒకటే షరతు, కవరు మీద రెండు నెలలని అచ్చు వేయాలట.

"అందరూ ఏసుకుంటరు కదమ్మా. ఎవలు చూస్తరు?" అన్నాడు.

"చూసేటోళ్లు ఉంటరు," అన్నాను. "రెండు నెలలు ఎండల పెట్టి నేను తిని చూస్త. బతికుంటే అప్పుడు రా."