సెలక్షన్‌కు ముందు కొన్న బూట్లు

చిత్తూరులో ఒక బాలికల జూనియర్ కాలేజీకి నేను ఫిజికల్ డైరెక్టరుగా బదిలీ అయింది రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జూలైలో. ఫిజికల్ డైరెక్టరంటే ఆట నేర్పడమే కాదు, బంతి నుంచి బూటు దాకా కొనిపెట్టాలి. ఆ రెండో పని నాకు పుట్టుకతో వచ్చింది. మాది బజారు వీధిలో బట్టల అంగడి.

ఆ ఏడాది జిల్లా బాస్కెట్‌బాల్ సెలక్షన్ తిరుపతిలో, చెక్క నేల ఉన్న కోర్టులో. మా ఆశంతా శైలజ మీదే. నగరిలో మరమగ్గాల ఇంటి పిల్ల. పాయింట్ గార్డు, అంటే బంతిని ముందుకు నడిపి ఆటను పంచే స్థానం. ఇంటర్ రెండో ఏడాది కాబట్టి ఆమెకు అదే చివరి అవకాశం. ఉన్న బూట్ల అడుగు అరిగి నున్నబడింది.

తిరుపతిలో తెలిసిన అంగట్లో పాత మోడల్ తోలు బూట్లు దొరికాయి. నా చిన్నప్పటి ఆటగాళ్లు వేసుకున్న రకమే, చీలమండ పైదాకా. మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారు. మా నాయన గుడ్డను చూసినట్టే తోలు గిల్లాను, అడుగు వంచాను, వాసన కూడా చూశాను. తిరిగి మార్చమని అడగనని మాటిచ్చి ధర దించాను.

"నీ మాదిరి బేరగాణ్ణి యాడా సూళ్లేదు సామీ. ఆ పిల్లని పిల్చకరా, కాలికేసి సూసుకోనీ," అన్నాడు అంగడాయన.

"కొలత నాకు తెలుసులేప్పా," అన్నాను.

సాధనలో శైలజ పరుగెత్తి ఠక్కున ఆగాల్సిన చోటల్లా తడబడింది. పక్కకు జరిగేటప్పుడు అర అడుగు వెనకబడింది. పాత మోడల్ బరువు, అలవాటవుతుందన్నాను. మూడో రోజుకు మడమ బొబ్బలెక్కింది.

"బూటు ఆగతా ఉండాది సార్. లోపల నా కాలే ఆగడం లే. ఒక సైజు పెద్దది తెచ్చినారు."

"పెరిగే కాళ్లు కదమ్మా." మా ఇంట్లో ఎవరికీ సరిపోయే చెప్పులు కొన్న పాపాన పోలేదు.

"నాకు పద్దెనిమిది సార్. ఇంగ యాడ పెరిగేది?"

సెలక్షన్‌కు నాలుగు రోజులుంది. ఇద్దరం తిరుపతి బస్సెక్కాం. అంగడాయన నేనిచ్చిన మాట గుర్తుచేసి నన్ను చాలాసేపు నిలబెట్టాడు. తర్వాత పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, లేసులు బిగించి, అంగడి ముందు పరుగెత్తించి, అదే రకంలో సరైన సైజు జత ఇచ్చాడు. ముందు నేను దించిన ధరకు తేడా ఎంతంటే అంత, బేరమాడకుండా ఇచ్చేశాను.

"సార్‌కి ఒంట్లో బాగలేదామ్మా?" అని శైలజను అడిగాడు.

సెలక్షన్ రోజు ఆ బూటు అసలు గుణం తెలిసింది. చెక్క నేలను గట్టిగా పట్టింది. అడుగుకంటిన దుమ్ము తడిగుడ్డతో తుడుస్తుంటే చాలు. చీలమండ ఒరగలేదు. కానీ మడమ కింద మెత్తదనం తక్కువ. ఎగిరి దిగినప్పుడల్లా, మానని బొబ్బ మీద, ఆమె ముఖం ముడుచుకునేది. రెండో సగంలో బరువూ తెలిసింది.

ఆమె పేరు స్టాండ్‌బైగా వచ్చింది. అంటే జట్టులో ఎవరైనా ఆగిపోతేనే పిలుపు. పిలుపు రాలేదు.

ఆమె సాధనను చెడగొట్టింది పాత మోడల్ కాదు, నేను. మిగిలిన సర్వీసులో ఏ పిల్లకూ ఆ పిల్ల పక్కన లేకుండా బూటు కొనలేదు. బేరం మానలేదు, వాళ్లు వేసుకుని పరుగెత్తి, సరిపోయాయన్న తర్వాతే మొదలుపెట్టేవాణ్ణి.