పదో వాన

దెయ్యాలున్నాయా, మహిమలున్నాయా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి ఒకటే అడిగేవాణ్ణి: ఎవరు కొలిచారు? కొలతకు అందనిది నా దృష్టిలో లేనట్టే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు రాయబోయేది కొలతకు అందింది. కొలిచింది కూడా నేనే. నా ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

మాది ఐరాల దగ్గర చిన్న పల్లె. నాకు యాభై మూడేళ్లు. బడి తొమ్మిదో తరగతితో ఆగిపోయింది, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బావి తవ్వితే ఎన్ని ఘనపుటడుగుల మట్టి లేచిందో, చింతచెట్టు కొడితే ఎంత కలప వస్తుందో లెక్కగట్టి చెప్పడం నా పని.

ఇరవై రెండేళ్ల కిందట ఎవరో పరిశోధన వాళ్లు వచ్చి మా పెరట్లో వానకొలత డబ్బా పెట్టి పోయారు. పైన గరాటు, లోపల సీసా, పక్కన కొలిచే గాజుజాడీ. గరాటుకు తాళం ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. ప్రతిరోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తెరిచి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో పుస్తకంలో రాయమన్నారు. మూడేళ్ల తర్వాత వాళ్లు అడగడం మానేశారు. నేను రాయడం మానలేదు.

మా ఊళ్లో వాన కొలిచే మనిషి ఇంకొకాయన ఉండేవాడు. మునిరత్నం మామ. వయసు అరవై తొమ్మిది. ఆయన కొలత చూపుడువేలు. వాన వెలిసిన తెల్లారి చేనిలోకి పోయి, వేలు మట్టిలోకి దించి, తడి ఏ కణుపు దాకా ఉందో చూసేవాడు. ఊరంతా వేరుశెనగ వేసే రోజుల్లో ఆయన వేలు పెట్టి, విత్తడానికి సరిపడా తడి దిగిందని చూసి, “పదునైంది, పోండప్పా” అంటేగానీ ఏ ఇంట్లోనూ విత్తే గొర్రు కదిలేది కాదు.

వాన పడిన ప్రతి ఉదయం మా పెరటి గోడ దగ్గరికి వచ్చేవాడు.

“ఏమప్పా మిల్లీమీటరూ, నీ డబ్బా ఎంత సెప్పింది?”

“ముందు నీ వేలు సెప్పనీ మామా.”

“ఏడుంటాది. నీ మాదిరి తాళమేసి దాపెట్టుకోను నేను.”

జాడీలో ఏడు పాయింట్ రెండు ఉండేది. “ఆ రెండు పాయింట్లు నీ కూలి, ఉంచుకో” అని నవ్వుకుంటూ పోయేవాడు. మా ఇద్దరి కొలతలూ పక్కపక్కన రాసి నేనొక పట్టిక తయారుచేశాను. ఎర్రమట్టిలో ఒక కణుపు తడి అంటే ఐదు మిల్లీమీటర్లు. వేలు మొత్తం దిగితే పద్నాలుగు. ఆయన వేలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి తప్పడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

తర్వాత ఊళ్లో చేన్లన్నీ మామిడి తోటలయ్యాయి. మామిడికి విత్తే రోజంటూ ఉండదు, పదునెంత అని అడిగేవాళ్లు లేరు. ఎప్పుడు వాన వస్తుందో ఫోనే చెబుతోంది. మామ కొడుకు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనికి పోయి వారానికోసారి వస్తాడు, మంచివాడు. కోడలు పొద్దునే అన్నం వండి పెట్టి తోటకు పోతుంది. ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా మామ గడ్డం గీసుకోవడం మానేశాడు. తిండి తగ్గింది. తాతల నాటి గొర్రును చీల్చి, నీళ్ల పొయ్యిలో పెట్టుకోమని పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. పగలంతా తోటలోని మోటరు కొట్టంలో ఒక్కడే పడుకునేవాడు. వయసైపోయింది కదా అన్నారు అందరూ. నేనూ అన్నాను.

ఆ ఏడాది కార్తీకం, మార్గశిరాల్లో తొమ్మిది రోజులు వాన పడింది. తొమ్మిది ఉదయాలూ మామ గోడ దగ్గరికి రాలేదు. నేనేం చేశానో దాచకుండా చెబుతాను. పుస్తకంలో ప్రతి వాన పక్కనా ‘మామ రాలేదు’ అని రాసుకున్నాను. ఆయన కొట్టం మా ఇంటికి ఆరువందల అడుగులు. ఒక్కసారి కూడా పోలేదు. రాసుకున్నాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత రెండున్నర నెలలు చుక్క పడలేదు. పుస్తకంలో వరసగా సున్నాలు.

ఫాల్గుణంలో ఒక ఉదయం, ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు డబ్బా తెరిచాను. సీసా ఎత్తగానే బరువు తెలిసింది. లోపల నీళ్లున్నాయి.

జాడీలో పోశాను. పద్నాలుగు. తిరిగి సీసాలో పోసి మళ్లీ కొలిచాను. పద్నాలుగే. ముందురోజు అదే సీసాను నేనే తెరిచి, బోర్లించి, సున్నా రాశాను. తాళం వేసింది వేసినట్టే ఉంది. డబ్బా చుట్టూ మట్టి పొడిగా ఉంది. మునగచెట్టు ఆకు మీద తడి లేదు. మిద్దె మీద రాత్రంతా ఆరబెట్టి ఉన్న చింతకాయలు పట్టుకుని చూశాను, ఎండి గలగలమన్నాయి.

మా ఆవిణ్ణి అడిగాను. “నీ డబ్బాకు నీళ్లు మోసే పనా నాకు? బోరు నీళ్లు ఇంట్లోకే సాలడం లేదు” అంది. పక్కన మూడిళ్లలో అడిగాను. రాత్రి వాన పడిందా అంటే నన్ను వింతగా చూశారు.

గరాటు నోరు రెండువందల చదరపు సెంటీమీటర్లు. పద్నాలుగు మిల్లీమీటర్లంటే రెండువందల ఎనభై మిల్లీలీటర్లు. మంచు అంత దిగదు. నా పుస్తకంలో మంచు వల్ల వచ్చిన తడి ఏనాడూ అర మిల్లీమీటరు దాటలేదు. పక్షులో ఉడతలో అంత నీళ్లు తేలేవు. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇవి చప్పగా, చల్లగా ఉన్నాయి. వాననీళ్లే.

ఒక కొలత తప్పని తేల్చాలంటే రెండో కొలత కావాలి. మా ఊళ్లో రెండో కొలత మామ వేలు ఒక్కటే. అందుకే బయలుదేరాను. ఇంకే ఉద్దేశమూ లేదు, ఆయన మీద దిగులుతో పోయానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది.

కొట్టం తలుపు లోపల గడియ వేసి ఉంది. పట్టపగలు ఆయన గడియ వేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పిలిచాను. పలకలేదు. మళ్లీ పిలిచాను. ఏం చెప్పాలో తోచక గట్టిగా అన్నాను:

“మామా, పద్నాలుగు పడింది!”

తలుపుకు చెవి ఆనించాను. తర్వాత లోపల్నుంచి సన్నగా,

“ఎంత?”

“పద్నాలుగు. నీ వేలేమంటాదో సూడు.”

గడియ తీసిన చప్పుడైంది. మామ బయటికొచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, తలస్నానం చేసి, ఉతికిన తెల్లపంచె కట్టుకుని ఉన్నాడు. పండగ కాదు, ప్రయాణం కాదు.

ఆయన నావైపు చూడకుండా వంగి, వాకిట్లో మట్టిలోకి వేలు దించాడు. గోరు కూడా సరిగా దిగలేదు.

“యాడప్పా వాన? బూడిద మాదిరుండాది.”

“డబ్బాలో ఉండాది మామా. నాకూ అర్థం కాలా. నీ వేలునడుగుదామని వస్తి.”

“నా వేలునా?”

“ఇంకెవుర్నడిగేది?”

ఆయన అలాగే మట్టిలో కూలబడ్డాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడవడం నేనెక్కడా చూడలేదు. కొంతసేపటికి తల ఎత్తకుండానే అన్నాడు:

“తొమ్మిది వానలు పడెనప్పా. ఒక్క వానకన్నా నువ్వొస్తావేమో అని సూస్తాంటి. తొమ్మిదీ లెక్కబెట్టుకున్నా. ఇంక వాన లేదు, ఎవురూ రారనుకుంటి. ఈ పొద్దుతో సచ్చిపోదామని గడియేసుకున్నా.”

నా పుస్తకంలోనూ తొమ్మిదే. ఇద్దరం అదే లెక్క రాసుకున్నాం, ఆరువందల అడుగుల దూరంలో.

“లోపలుండేదాన్ని నువ్వే తీసి పారెయ్యి. నన్ను మళ్లా లోపలికి పోనీయొద్దు” అన్నాడు. ఆయన చెయ్యి వదలకుండానే ఆ పని చేశాను. కొడుక్కి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నానికే తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఇది పిరికితనం కాదు, వయసూ కాదు, జబ్బు, దీనికి వైద్యముంది అని డాక్టరమ్మ కొడుకునూ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. మాత్రలు ఇచ్చింది, నెలకోసారి వచ్చి తనతో మాట్లాడమంది. వెంటనే తగ్గలేదు. వేసవి దాటాకగానీ ఆయన కడుపునిండా తినలేదు.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆ నీళ్లు ఎలా వచ్చాయో నేను తిరగేసి చూడని దారి లేదు. సీసాకు పగులుందేమో చూశాను. తాళానికి మారుచెవి ఉందేమో వెతికాను. రెండువందల ఎనభై మిల్లీలీటర్ల నీళ్లు ఖాళీ సీసాలో పోసి, నాలుగు రాత్రులు బయట పెట్టి చూశాను. నీళ్లు తగ్గాయిగానీ పెరగలేదు. ఎవరైనా కావాలని పోశారనుకుందాం. పోసినవాళ్లకు ఆ ఉదయమే ఎందుకు, సరిగ్గా మామ వేలు మొత్తం దిగేంతే ఎందుకు? ఆ పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ పుస్తకం మూసేస్తాను.

ఇప్పుడు వాన పడినా పడకపోయినా పొద్దునే ఆయన దగ్గరికి పోతాను.

“సున్నా, మామా.”

“నా వేలూ అదే సెప్తాండాది. కూర్చో, కాఫీ తాగి పో.”

ఆ ఏడాది చివర వాన మొత్తం కూడేటప్పుడు నా పెన్ను ఆగిపోయింది. ఆ పద్నాలుగు కలిపి ఒక మొత్తం, కలపకుండా ఒక మొత్తం, రెండూ రాశాను. మామ పుస్తకం చేతిలోకి తీసుకుని చూశాడు.

“ఏమప్పా మిల్లీమీటరూ, రెండుండాయి. ఏది నిజం?”

“తెలీదు మామా” అన్నాను.

లెక్క అడిగినప్పుడు నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.