తిరిగిన కంచం

టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒంటిగది బడిలో కొండమ్మ మధ్యాహ్నం వంట చేసేది. మిరపకాయలు ఏరే పనికి అమ్మానాన్నల వెంట దూరపు ఊళ్లకు వలస వెళ్లే ముందు పిల్లలు ఎవరి కంచం వాళ్లు గోడవార బోర్లించేవారు. తిరిగొచ్చాక వాళ్లే తిప్పుకోవాలి. మనిషి రాకుండా కంచం తిరిగితే ఆ మనిషి ఇక ప్రాణాలతో రారని ఊళ్లో భయం.

ఆ ఏడాది పిల్లలంతా వెళ్లిపోయారు. ఉన్న ఒక్క పంతులూ సెలవులో ఉన్నాడు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు వరండాలో నిలబడి, "ఒక్క పిల్ల కనబడ్డా బడి ఉంచుతం. లేకుంటే మూసుడే," అన్నాడు.

"బడి మూస్తే నా పొయ్యి గూడ ఆరినట్టే సారూ," అంది కొండమ్మ.

అంతలో లోపల పలక మీద బలపం కీచుమంది.

"ఉన్నరు గదమ్మా! ఊకెనే భయపడ్తివి," ఆఫీసరు నవ్వాడు. "పిలువు."

కొండమ్మ లోపలికి వెళ్లింది. గదిలో ఎవరూ లేరు. గోడవార రెండో తరగతి యశోద కంచం ఒక్కటే వెల్లకిలా ఉంది, అప్పుడే కడిగినట్టు తడిగా. బలపం చప్పుడు ఆగలేదు.

ఆమె కంచాన్ని మళ్లీ బోర్లించింది. చప్పుడు ఆగింది.

"ఏమైందమ్మా, పిల్ల ఏది?"

"ఎవ్వల్లేరు సారూ. మిరపకాయలు అయినంక యశోద నడిచే వస్తది," అంది కొండమ్మ, కంచం మీది నుంచి చెయ్యి తీయకుండా.